అటక మీద మువ్వలు, డబ్బాలో తగ్గే రెండు అరిసెలు: పెద్ద పండగ ముందు ఒక 'దెయ్యం ఇంటి' కేసు

ఈ కేసు కోరాపుట్ జిల్లాది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కాక తగిలే చిన్న ఊళ్లలో ఒకటి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందుకే తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో దేశియా అనే స్థానిక ఒడియా మాండలికం. ఊరి పేరు, ఇంటివాళ్ల వ్యాపారం, వయసులు, పిల్లల సంఖ్య మార్చాం లేదా వదిలేశాం.

దెయ్యం ఉందని పిలుపు వచ్చే ఇళ్లకు వెళ్లి కారణం వెతికే మాలాంటి బృందాలకు ఈ కేసు రెండు విషయాల్లో పనికొస్తుంది. ఒకటి, ఇక్కడ ఒక దెయ్యానికి నాలుగు వేర్వేరు కారణాలు దొరికాయి. రెండు, మొదటి రాత్రి మేం చేసిన తప్పు ప్రాణం మీదికి వచ్చేది.

ఇల్లు, మనుషులు

ముందు డాబా, వెనక పాత పెంకుటిల్లు. పెంకుటింటికి చెక్క అటక. ఒకప్పుడు ఎడ్లబండ్లు నడిపిన కుటుంబం. తాతగారు, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, పిల్లలు. ఇంటి పెద్దావిడ ఆషాఢంలో పోయింది. ఏడాది తిరగలేదు కాబట్టి ఆ సంక్రాంతికి ఆ ఇంట్లో మూకుడు పెట్టరు, అంటే పిండివంటలు చేయరు. పిల్లలు చిన్నబుచ్చుకుంటారని చిన్నకోడలి పుట్టింటివాళ్లు ఒక పెద్ద డబ్బా నిండా అరిసెలు, జంతికలు పంపారు. ఆ డబ్బా తర్వాత పెద్ద సాక్ష్యం అయింది.

పిలుపు

భోగికి ఐదు రోజుల ముందు పెద్ద కొడుకు వచ్చాడు. మూడు వారాలుగా రాత్రుళ్లు అటక మీద మువ్వల చప్పుడు వస్తోంది. వెనకింట్లో ఎవరూ వండకుండానే నానమ్మ వండే వాసన బియ్యపు అన్నం వాసన. ఆవిడ గదిలో స్విచ్ ఆపినా బల్బు మినుకుమంటూనే ఉంటుంది. తెల్లవారుజామున గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, గుమ్మం దగ్గర తెల్లచీర నీడ. అరిసెలు మాయం.

అసలు ఆందోళన వీటి వెనక ఉంది. కుటుంబం అప్పటికే ఒక గుణియాని, అంటే భూతవైద్యుణ్ణి, పిలిచింది. పోయినావిడ ఊరికే తిరగడం లేదు, ఇంట్లోకి వచ్చిపోయే బయటి ఆడమనిషి చిల్లంగి (చేతబడి) పెట్టి తిప్పుతోంది అన్నాడతను. ఆ ఇంటికి వచ్చిపోయే బయటి ఆడమనిషి ఒక్కతే, అంట్లు తోమే విధవరాలు. అరిసెల దొంగతనం కూడా ఆవిడ మీదే పడింది. బోరింగు దగ్గర నలుగురిలో ఆ మాట అనేశారు. భోగి రాత్రి పూజకు ముహూర్తం పెట్టారు.

అంటే మాకు గడువు ఐదు రోజులు. మొదటి నిర్ణయం దెయ్యం గురించి కాదు, ఆ మనిషి గురించి. పెద్ద కొడుకుని పక్కకు తీసుకెళ్లి, ఒడిశాలో 2013 నుంచి ఇలాంటి నిందలకు ప్రత్యేక చట్టం ఉందనీ, ఒక ఆడమనిషికి మంత్రగత్తె అన్న పేరు అంటగట్టడమే నేరమనీ చెప్పాం. బెదిరింపుగా కాదు, అతనికి ఇది నిజంగా తెలియదు. కారణం తేలేదాకా ఎవరి పేరూ ఎత్తకూడదని, ఆవిడ ఇంటికి ఎవరూ వెళ్లకూడదని మాట తీసుకున్నాం. మా బృందంలో ఒక మహిళ రోజూ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లి కాసేపు కూర్చునేది. ఆ ఇంటికి మనుషులు వచ్చిపోతున్నారని వీధికి కనబడటం కూడా ఒక రక్షణే.

మొదటి రాత్రి

ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాం. అందరినీ కలిపి అడిగితే పది నిమిషాల్లో అందరి కథా ఒకటైపోతుంది. నోటుబుక్కులో గడులు గీసి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు మేలుకుని ఉన్నారు, ఏ దీపం వెలుగుతోంది, ఏం మండుతోంది అని రాసుకున్నాం. 'ఏం మండుతోంది' అన్న గడిలో ప్రతి వరసలోనూ 'కుంపటి' అని ఉంది. చలికాలం, ఘాట్ మీద ఊరు, కుంపటి లేని ఇల్లు ఉండదు. రాసి ఊరుకున్నాం.

అటక మీద ముగ్గుపిండి జల్లెడతో పలచగా చల్లాం. బియ్యప్పిండి వాడితే ఎలకలు, చీమలు తినేసి గుర్తులు చెరిపేస్తాయి; ముగ్గుపిండి రాతిపొడి కాబట్టి ఎవరూ ముట్టరు. వెనక తలుపుకి మోకాలి ఎత్తున నల్లదారం కట్టాం. అరిసెలు లెక్కపెట్టాం, 86. డబ్బా మూతకి కాగితపు టేపు అంటించి, టేపూ డబ్బా రెండింటి మీదా పడేలా అడ్డంగా సంతకం చేశాం.

వంటింట్లో కెమెరా పెడదామని మాలో ఒకరు అన్నారు. వద్దనుకున్నాం. అరిసె తీసేది ఆ ఇంట్లో పిల్లాడైనా కావచ్చు, ముసలాయనైనా కావచ్చు. ఒకసారి వీడియో దొరికిందంటే అది నలుగురి ఫోన్లలోకి వెళ్తుంది. ఒక మనిషి మీద పడ్డ నింద తీసి ఇంకో మనిషి మీద పెట్టడానికి మేం వెళ్లలేదు.

తలనొప్పి, వికారం, నిద్రలేమి అని ఇంటివాళ్లు చెప్పినవి మాత్రం భయం వల్ల అనుకున్నాం. వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే అందరికీ 97, 98 చూపింది. దాంతో నిశ్చింతగా ఉన్నాం. తప్పు అక్కడ జరిగింది. అందరినీ ఎప్పటిలాగే పడుకోమన్నాం.

'ఎప్పటిలాగే' అంటే, మూడు వారాలుగా భయంతో కుటుంబమంతా ఒకే గదిలో పడుకుంటోంది. పది అడుగులు, పన్నెండు అడుగుల గది. కిటికీలు బిగించి, తలుపు కింద సందులో గోనెసంచి దోపి, పైన వెంటిలేటర్‌కి అట్టముక్క కొట్టారు. మధ్యలో కుంపటి.

తెల్లారేసరికి చిన్న పిల్ల వాంతి చేసుకుంది. పెద్దకోడలు గుమ్మం దాటుతూ కళ్లు తిరిగి కూలబడింది.

ఊపిరి ఆడని గది

అప్పుడు నోటుబుక్కు మళ్లీ తీశాం. నీడ చూసినవాళ్లు, గుండెల మీద బరువు తెలిసినవాళ్లు, తలనొప్పి వచ్చినవాళ్లు, అందరూ ఆ గదిలో పడుకున్నవాళ్లే. తాతగారు ఒక్కరే వీధి వరండాలో నులకమంచం మీద పడుకుంటారు. ఆయనకి తలనొప్పి లేదు, నీడ కనబడలేదు. ముందురోజు ఈ మాట విన్నప్పుడు ఆయన మొండి మనిషి అనుకుని వదిలేశాం. ఒక ఇంట్లో అందరికీ ఉన్న లక్షణం ఒక్కరికి లేకపోతే, ఆ ఒక్కరి పడక ఎక్కడో ముందు చూడాలి.

బొగ్గు గాలి చాలని చోట కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. పొగ ఉండదు, వాసన ఉండదు. కణకణలాడే నిప్పు మీద బూడిద కప్పి రాత్రంతా ఉంచితే పొగ లేదు కదా అని ధైర్యం. ఆ స్థితిలోనే ఈ వాయువు ఎక్కువ పుడుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు పల్స్ ఆక్సీమీటర్ ఈ రెండింటికీ తేడా చెప్పలేదు, ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. మమ్మల్ని నిశ్చింతగా ఉంచిన ఆ 98కి అర్థం లేదన్నమాట. తలనొప్పి, వికారం, ఛాతీలో బరువు, మతి తప్పడం, లేనివి కనిపించడం, అన్నీ దీనివల్ల రావచ్చు. 1921లో విలియం విల్మర్ అనే అమెరికన్ కంటివైద్యుడు ఇలాంటి కుటుంబం గురించే ఒక వైద్య పత్రికలో రాశాడు. అడుగుల చప్పుళ్లు, కనిపించే ఆకారాలు అన్నీ చెడిపోయిన కొలిమి బాగుచేయించాక పోయాయి.

అందరినీ వీధిలోకి తెచ్చి, తల్లీపిల్లల్ని ఆస్పత్రికి పంపాం. వెంట ఒక చీటీ: 'మూసిన గదిలో బొగ్గు కుంపటి, రాత్రంతా, ఇంట్లో ఆరుగురికి ఒకే లక్షణాలు.' ఈ ఒక్క వాక్యం లేకపోతే కడుపు పాడైందనో నీరసమనో మందు రాసే అవకాశం ఎక్కువ. రక్తంలో ఆ వాయువు కొలిచే పరీక్ష అక్కడ లేదు. అనుమానం మీదే మాస్కుతో ఆక్సిజన్ పెట్టారు, అదే సరైన పని. మామూలు గాలిలో ఈ వాయువు సగం తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. సాయంత్రానికి ఇద్దరూ లేచి తిరిగారు.

గాలిలో ఈ వాయువు కొలిచే మీటరు అడిగి తెచ్చుకున్నాం. గది ఖాళీ చేసి, మీటరు కిటికీ అద్దానికి ఆనించి, బయటినుంచి టార్చి వేసి చదివేలా పెట్టాం. కుంపట్లో అరకిలోకి తక్కువే బొగ్గు. 35 నిమిషాలకే 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దాటింది. అక్కడితో ఆపి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటే చాలనుకోకుండా (ఈ వాయువుకి తడిగుడ్డ అడ్డం కాదు) తలుపులు బయటినుంచి తెరిచి అరగంట వదిలాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంట్లో గంటసేపటికి పెట్టిన హద్దు సుమారు 30 పీపీఎం.

ఇక్కడ ఒక విషచక్రం ఉంది. భయం వేసి అందరూ ఒక గదిలో చేరారు. చేరాక తలుపులు బిగించారు. బిగించాక నీడ ఇంకా స్పష్టంగా కనబడింది. కనబడ్డాక వెంటిలేటర్‌కి అట్ట కొట్టారు.

రెండో రాత్రి హాల్లో, కిటికీలు ఒక బెత్తెడు తెరిచి, కుంపటి లేకుండా, రగ్గులు అదనంగా కప్పుకుని పడుకున్నారు. ఎవరికీ నీడ కనబడలేదు. అయితే అర్ధరాత్రి దాటాక మువ్వలు మోగాయి, బల్బు మినుకుమంది. పొద్దున్న చిన్న కొడుకు, "దెయ్యం పోలేదండీ, ఆ గది వదిలేసిందంతే" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. అన్నిటికీ ఒకే కారణం చెప్పి ఉంటే ఆ పొద్దున్నే మా మాట చెల్లకుండా పోయేది. ఒక్కోదాన్ని విడిగా రాసుకున్నాం కాబట్టి, 'నీడా బరువూ తేలాయి, మిగతావి ఇంకా తేలలేదు' అని చెప్పగలిగాం.

అటక

ముగ్గుపిండిలో అడుగులు చక్కగా పడ్డాయి. పిల్లి అడుగులో నాలుగు వేళ్లే పడతాయి, గోళ్లు కనిపించవు. ఇక్కడ ఐదు వేళ్లు. దూలం మీద, ఎత్తైన చోట, జామగింజలు నిండిన పెంట. మానుపిల్లి. పునుగుపిల్లికి దగ్గరి చుట్టం, రాత్రి తిరిగేది, పళ్లూ ఎలకలూ తింటుంది, పాత ఇళ్ల అటకలంటే ప్రాణం. దాని ఒంటి వాసన చాలామందికి బాస్మతి ఆకు వేసి వండిన అన్నంలా తోస్తుంది. నానమ్మ అన్నం వాసన అదే.

మువ్వలు? అటక మూల పాత ఎడ్ల మువ్వల పట్టీలు, కనుమ నాడు ఎడ్లకి కట్టేవి, గోనెపట్టా మీద పరిచి ఉన్నాయి. పెంకుల సందు నుంచి దూలానికి దిగే దారికి అవి అడ్డం. దాటిన ప్రతిసారీ మోగుతాయి. వేలితో ఒక పట్టీని కదిపి, కింద కూర్చున్న కోడళ్లని వినమన్నాం. పెద్దకోడలు ఏడ్చింది. భయంతో కాదు, అవి అత్తగారు ప్రతి కనుమకీ చింతపండుతో తోమే మువ్వలని.

ఇప్పుడే ఎందుకు వచ్చింది అన్నది ప్రతిదానికీ అడగాల్సిన ప్రశ్న. పెద్దావిడ ఉన్నన్నాళ్లూ వెనకింట్లో కట్టెల పొయ్యి వెలిగేది, పొగ అటకలో నిండేది. ఆవిడ పోయాక వంట ముందింట్లో గ్యాసు మీదికి మారింది. పొగ ఆగింది, అటక ఖాళీ అయింది, పెరట్లో జామ కాసింది.

మానుపిల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. బోను పెట్టి పట్టడం, విషం పెట్టడం కుదరదు. చేయాల్సింది దారి మూయడమే. పిల్లలు ఉన్నాయేమో ముందు చూడాలి. లోపల పిల్లలుండగా మూస్తే తల్లి పెంకులు పీకేస్తుంది, పిల్లలు చస్తాయి, ఆ కంపు ఇంకో దెయ్యం అవుతుంది. లేవని తేల్చుకున్నాం. ఉన్నట్టయితే మూయకుండా ఫారెస్టువాళ్లకి చెప్పేవాళ్లం. మూడో సాయంత్రం చీకటి పడ్డాక పెరట్లో దూరంగా కూర్చుంటే, ఏడు దాటాక చూరు సందులోంచి బయటికొచ్చి జామకొమ్మ మీదుగా వెళ్లిపోయింది. వెంటనే ఆ సందుకి అర అంగుళం కన్నాల వెల్డెడ్ జాలీ, మేకులతో కాకుండా వాషరు పెట్టిన స్క్రూలతో బిగించాం. మేకుల్ని అది ఊపి ఊడదీస్తుంది. ఇంటికి రెండు మీటర్ల లోపు ఉన్న జామకొమ్మలు కొట్టించాం. అటక మీద మళ్లీ కొత్త ముగ్గుపిండి చల్లాం, లోపల ఇంకొకటి మిగిలి ఉంటే తెలియాలి కదా. తెల్లారితే పిండి చెదరలేదు.

బల్బు

దీనికి ఎక్కువసేపు పట్టలేదు. పెద్దావిడ ఫొటో పెట్టినప్పుడు ఆ గదిలో పాత ఫిలమెంట్ బల్బు తీసి ఎల్ఈడీ పెట్టారు. పాత వైరింగులో స్విచ్ కరెంటు తెచ్చే ఫేజు వైరు మీద కాకుండా, తిరిగి పోయే న్యూట్రల్ వైరు మీద వేశారు. స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజు ఉంటుంది. టెస్టరు పెడితే వెలిగింది. పాత గోడ చెమ్మలోంచి, వైర్ల పక్కపక్క పరుగులోంచి పోయే కొద్దిపాటి కరెంటుకి ఫిలమెంట్ బల్బు వెలగదు, ఎల్ఈడీ మినుకుమంటుంది. మెయిన్ ఆపి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత స్విచ్‌ని ఫేజు మీదికి మార్పించాం. మినుకు పోయింది. ఇది దెయ్యం కన్నా ప్రమాదం: స్విచ్ ఆపాను కదా అని బల్బు మార్చబోయినవాడికి షాకు కొడుతుంది.

అరిసెలు

86. మర్నాడు 84. తర్వాత 82. అటక మూసిన మర్నాడు కూడా రెండు తగ్గి 80. మానుపిల్లికి తీపంటే ఇష్టమే, కానీ అది రెండేసి లెక్కపెట్టి తీసి, మూత పెట్టి, టేపు మళ్లీ జాగ్రత్తగా అంటించదు. వెనక తలుపు దారం తెగలేదు కాబట్టి బయటివాళ్లు రాలేదు. అంట్లు తోమే ఆవిడ ఆ మూడు రోజులూ పనికే రాలేదు. ఆమె మీద దొంగతనం నింద ఈ లెక్కతోనే తేలిపోయింది, ఆ మాట ఆ పూటే ఇంటివాళ్లకి చెప్పేశాం. ఎవరు అన్నది మాత్రం చెప్పలేదు, అడగలేదు.

గదిలో అందరూ కలిసి పడుకున్న ఇంట్లో, రాత్రి లేచినా ఎవరికీ తెలియని మనిషి ఒక్కరే. తలనొప్పి రాని మనిషి.

తాతగారితో విడిగా కూర్చున్నాం. మీరు తీశారా అని అడగలేదు. మామ్మగారికి ఏం ఇష్టమండీ అని అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు: "పండక్కి పెద్దలకి పెట్టుకోకుండా మనం ఎలా తింటాం బాబూ? ఈయేడు మూకుడే పెట్టనేదు. వచ్చిన అరిసెలు పిల్లలు తినేత్తన్నారు. దానికి ఎవులు పెడతారు?" తెల్లవారుజామున మూడు గంటలకి లేచి, రెండు అరిసెలు విస్తరాకులో పెట్టి, పెరటి గోడ మీద ఉంచేవారు. పొద్దున్నకి ఆకు ఖాళీ. ఆవిడ వచ్చి తింటోందని ఆయన నమ్మకం. ఆయన ఆ దెయ్యానికి భయపడకపోవడానికి కారణం అదీ. మానుపిల్లి ఆ ఇంటిని అంటిపెట్టుకుని ఉండటానికి కారణంలో ఒక భాగం కూడా అదే.

ఈ మాట ఇంటివాళ్లకి మేం చెప్పకూడదని నిర్ణయించుకున్నాం. అది ఆయనది. కానీ పనిమనిషి మీద నింద పడిందనీ, భోగి రాత్రి పూజ ఆవిడ పేరు మీదనీ ఆయనకి తెలియదు. వరండాలో ఉండే ముసలాయనకి ఎవరూ చెప్పలేదు. అది మేం చెప్పాం. ఆయన కర్ర తీసుకుని లేచి, అప్పటికప్పుడే కొడుకుల్ని పిలిచి తనే చెప్పుకున్నారు.

భోగి

గుణియాతో వాదన పెట్టుకోలేదు. నలుగురిలో ఓడించిన మనిషికి తన మాట నిలబెట్టుకోవడానికి ఒక దోషి కావాలి. ఆ దోషి మళ్లీ అదే ఆవిడ అవుతుంది. పెద్ద కొడుకు ముందే వెళ్లి, కారణం దొరికింది, పూజ అక్కర్లేదు అని చెప్పి, ఇవ్వాల్సిన కొబ్బరికాయ, దక్షిణ ఇచ్చి మర్యాదగా పంపేశాడు.

ఒక విషయంలో మాత్రం పట్టుబట్టాం. బోరింగు దగ్గర అన్న మాట బోరింగు దగ్గరే వెనక్కి తీసుకోవాలి. ఇంటికి పిలిచి చీర పెట్టి సర్దుకుంటామన్నారు. చీర పెట్టండి, అది వేరే. నింద విన్న చెవులే అది అబద్ధమని వినాలి. భోగి పొద్దున్న నీళ్లకి జనం ఉన్న వేళ చూసి ఇద్దరు కోడళ్లూ, పెద్ద కొడుకూ వెళ్లి ఆ మాట చెప్పారు. పని మానిన రోజుల కూలి కూడా ఇచ్చారు. ఆవిడ వెంటనే ఆ ఇంట్లో పనికి వెళ్లలేదు. రెండు నెలలు పట్టింది. మేం తొందరపెట్టలేదు.

మరోలా చేయాల్సింది ఒక్కటే ఉంది: మీటరు. ఇప్పుడు చలికాలంలో ఏ ఇంటికి వెళ్లినా ముగ్గుపిండి కన్నా ముందు అది సంచిలో పడుతుంది. గుమ్మం దాటగానే అడిగే మొదటి ప్రశ్న 'ఏం కనబడింది' కాదు, 'ఎక్కడ పడుకుంటున్నారు, ఏం మండుతోంది, బయటికొస్తే తలనొప్పి తగ్గుతోందా' అన్నవే. ఇద్దరికి మించి ఒకే లక్షణాలుంటే ఆ రాత్రి ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వం.

నాలుగు కారణాల కింద ఇంకొకటి ఉందని నోటుబుక్కు సర్దుతున్నప్పుడు తోచింది. కుంపటిని వరండాలోనే ఉంచమని గోల చేసేది పెద్దావిడే, వెంటిలేటర్ మూయనిచ్చేది కాదట. కట్టెల పొయ్యి ఆవిడది. అరిసెల్లో మొదటివి పెద్దలకి తీసి ఉంచేదీ ఆవిడే. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఏదో మారిందని వాళ్లకి అనిపించడం భ్రమ కాదు.

మానుపిల్లి సంగతి తాతగారికి చెప్పాలా వద్దా అని మాలో వాదన జరిగింది. ఆకు ఖాళీ చేసేది ఆవిడ కాదని చెప్పడం క్రూరం కదా అని ఒకరు. కానీ రాత్రిపూట గోడ మీద తీపి పెడుతున్నంత కాలం ఆ జంతువు జాలీ పీకడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. చెప్పాం. ఆకు మానేయమనలేదు. తెల్లవారుజామున కాకుండా పొద్దెక్కాక, గోడ మీద కాకుండా పెరటి చివర రాయి మీద పెట్టమన్నాం. అప్పుడు కాకులు తింటాయి, మానుపిల్లి రాదు.

ఆయన కాసేపు ఆలోచించి, "పిండం కాకి ముట్టుకుంటే పెద్దోలు తిన్నట్టే కదేటి," అన్నారు. కనుమ నాటికి ఆ రాయి దగ్గరికి ఆయనతోపాటు పెద్ద కొడుకు కూడా వెళ్లాడు.